హైదరాబాద్‌లో ఫైర్‌మన్ కావాలంటే డిప్లొమా చేయాలా?

ప్రశ్న (పాలమూరు పోరగాడు):

అందరికీ నమస్తే. మాది జడ్చర్ల దగ్గర పల్లె. ఇంటర్ పాసయ్యాను, వయసు 23. ఇప్పుడు మియాపూర్‌లో రూమ్ తీసుకుని ఫుడ్ డెలివరీ చేస్తున్నా. చిన్నప్పటి నుంచీ ఫైరింజన్ అంటే పిచ్చి. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా చేస్తే జీహెచ్‌ఎంసీ ఫైర్‌లో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఫీజు నలభై వేలు, సగం రేపే కట్టాలట. బండి ఈఎంఐ ఇంకా తీరలేదు, అందుకే టెన్షన్‌గా ఉంది. డిపార్ట్‌మెంట్‌లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే నిజం చెప్పండి.

జవాబు 1 (పాత లీడింగ్ ఫైర్‌మన్):

తమ్ముడూ, ఆ డబ్బు జేబులోంచి తీయకు. అసలు జీహెచ్‌ఎంసీకి ఫైర్ డిపార్ట్‌మెంటే లేదు. ముంబైలో అయితే ఫైర్ బ్రిగేడ్ కార్పొరేషన్‌ది. మన దగ్గర సిటీలో తిరిగే ఎర్ర బండ్లన్నీ రాష్ట్ర ప్రభుత్వ విపత్తు స్పందన, అగ్నిమాపక శాఖవి. వానాకాలంలో రోడ్ల మీద నీళ్లు తోడి, పడిపోయిన చెట్లు కోసే డీఆర్‌ఎఫ్ (విపత్తు స్పందన దళం) వాళ్లు వేరు, వాళ్లిప్పుడు హైడ్రా అనే సిటీ విపత్తు సంస్థ కింద ఉన్నారు. లేని శాఖలో ఉద్యోగం గ్యారంటీ అన్నారంటేనే సంగతి అర్థం చేసుకో.

ఫైర్‌మన్ పోస్టులు నింపేది పోలీస్ రిక్రూట్‌మెంట్ బోర్డు. కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లోనే కలిపి ఇస్తారు. 2022లో అలా 610 ఫైర్‌మన్ పోస్టులు పడ్డాయి. చదువు ఇంటర్ చాలు, డిప్లొమా ఎవరూ అడగరు. పని నేర్పేది వాళ్లే, వట్టినాగులపల్లి ట్రైనింగ్ సెంటర్‌లో.

నువ్వు ఇప్పుడే చూసుకోవాల్సింది నీ ఒంటిని. 2022 లెక్క ప్రకారం ఎత్తు 167.6 సెంటీమీటర్లు ఉండాలి, గాలి పీలిస్తే ఛాతీ 5 సెంటీమీటర్లు పెరగాలి. రంగులు తేడా తెలియకపోయినా, మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నా, పాదం చదునుగా ఉన్నా మెడికల్‌లో పంపించేస్తారు. రెండేళ్లు కోచింగ్ తీసుకుని, పరుగు గెలిచి, చివర్లో పాదం దగ్గర ఆగిపోయిన పిల్లలను చూశాను. కాలు తడి చేసుకుని గచ్చు మీద అడుగేసి చూడు. మధ్యలో ఒంపు పడకుండా అడుగు మొత్తం అచ్చు పడితే, పుస్తకాలు కొనకముందే ఎముకల డాక్టర్‌ని కలువు.

ఇక పని సంగతి. ఫైర్‌మన్ అంటే మంట మీద నీళ్లు కొట్టడం అనుకుంటారు జనం. మంట కనిపిస్తుంది కాబట్టి దాని పని సులువే. చంపేది పొగ. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో చనిపోయిన ఆరుగురూ పొగకు ఊపిరాడకే పోయారు. ఆ పొగలోకి నువ్వు గాలి సిలిండర్ వీపున కట్టుకుని, మాస్క్ బిగించుకుని వెళ్లాలి. నీ చెయ్యి నీకే కనపడదు. గోడను అరచేత్తో తడమకూడదు, చేతి వెనక భాగం ఆనించుకుంటూ పోవాలి. కరెంటు తీగ తగిలితే అరచెయ్యి ముడుచుకుని దాన్నే పట్టేసుకుంటుంది, వెనక భాగమైతే చెయ్యి ఇవతలికి వచ్చేస్తుంది. కాలు ఎత్తి వేయకూడదు, ఈడ్చుకుంటూ కదపాలి, ముందు మెట్టుందో గుంతుందో తెలియదు. సిలిండర్ మీద నలభై ఐదు నిమిషాలని రాసి ఉన్నా, బరువు మోస్తూ రొప్పుతుంటే అంతసేపు రాదు. గాలి తగ్గితే విజిల్ మోగుతుంది. మోగిందంటే చేతిలో ఏ పనున్నా వదిలి బయటికి రావాల్సిందే. లోపల ఇంకా మనుషులున్నారని నీకు తెలిసినా సరే. మా ఉద్యోగంలో కష్టమైన ఆర్డర్ అదే. మాట వినని మొనగాళ్లతో స్టేషన్ ఆఫీసర్లకు మంటల కంటే ఎక్కువ తలనొప్పి.

అన్నట్టు అన్నీ మంటలే ఉండవు. బావిలో పడ్డ బర్రె, లిఫ్టులో ఇరుక్కున్న పెద్దాయన, మాంజా చుట్టుకుని చెట్టుకు వేలాడే పావురం, అన్నిటికీ 101కే ఫోన్ చేస్తారు.

జవాబు 2 (వట్టినాగులపల్లి బ్యాచ్):

పెద్దాయన చెప్పింది కరెక్ట్. నేను 2024 జూలైలో పాసవుట్ అయిన బ్యాచ్. మాకు ముందు ప్రిలిమ్స్, 200 ప్రశ్నలు, మూడు గంటలు. తర్వాత ఈవెంట్స్. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్‌జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. అది దాటితే ఫైనల్ ఎగ్జామ్. పరుగు ఎవరైనా ప్రాక్టీస్ చేస్తారు, గుండు మాత్రం ఎవరూ ముట్టుకోరు. గ్రౌండ్‌లో తొలిసారి చేతిలోకి తీసుకుని బరువు చూసి బిత్తరపోతారు. నలుగురు కలిసి ఒక గుండు కొనుక్కోండి. బండి మీద తిరిగి తిరిగి నడుం పట్టేసి ఉంటది, పరుగుకు ముందు స్ట్రెచింగ్ తప్పదు బ్రదర్.

జవాబు 3 (సేఫ్టీ ఆఫీస్ నుంచి):

డిప్లొమాను మరీ తీసిపారేయకండి సార్. అదే కోర్సు చేసి పాశమైలారం వైపు ఒక కంపెనీలో సేఫ్టీ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. గల్ఫ్ వెళ్లినవాళ్లూ ఉన్నారు. కాకపోతే అది ఫ్యాక్టరీ ఉద్యోగం. సర్కారు ఫైర్‌మన్ కావడానికి అది పనికిరాదు. గ్యారంటీ అన్న మాటను రసీదు మీద రాసివ్వమని అడగండి, ఏమంటారో ఇక్కడ చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:

అడిగాను అన్నా. "రాసివ్వడం మా పాలసీ కాదు" అన్నారు. నా తడి పాదం బాగానే ఉంది, మధ్యలో ఒంపు పడింది. ఎత్తు 170. ఇంకో డౌట్. నేను ఐదో తరగతి దాకా మా ఊళ్లో, ఆరు, ఏడు తరగతులు ఉప్పల్‌లో మేనమామ ఇంట్లో ఉండి చదివాను. ఉద్యోగాల్లో లోకల్ కోటాకు ఏ జిల్లా కింద వస్తాను? సెలెక్ట్ అయితే పోస్టింగ్ హైదరాబాద్‌లోనేనా?

పాత లీడింగ్ ఫైర్‌మన్:

ఒకటి నుంచి ఏడు దాకా నాలుగేళ్లకు తక్కువ కాకుండా ఎక్కడ చదివితే అక్కడే లోకల్. నీది మహబూబ్‌నగర్ జిల్లా కిందికే వస్తుంది. రెండు బడుల నుంచీ బోనఫైడ్లు, అంటే అక్కడ చదివావని ఇచ్చే సర్టిఫికెట్లు, ఇప్పుడే తెచ్చి పెట్టుకో. నోటిఫికేషన్ పడ్డాక వెళ్తే హెడ్‌మాస్టర్ గది ముందు క్యూ ఉంటుంది. పోస్టింగ్ హైదరాబాదే కావాలని పట్టుబట్టకు. జడ్చర్ల చుట్టూ పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులున్నాయి, పత్తి అంటుకుంటే పైన ఆరినట్టే ఉండి లోపల రాజుకుంటూనే ఉంటుంది. బేళ్లు, అంటే బిగించి కట్టిన పత్తి మూటలు, విప్పి ఒక్కొక్కటీ తడపాలి. అక్కడ పని బాగా నేర్చుకుంటావు.