లైబ్రేరియన్ గారు సదస్సుకు వెళ్లారు, బీరువా తాళంచెవి ఆయనతోనే వెళ్లింది. ఇది న్యాయమేనా?

చేపాక్_చదువరి:
అందరికీ నమస్కారం. నేను చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద ఒక ప్రైవేటు కంపెనీలో పని చేస్తాను. సెలవు రోజుల్లో మద్రాసు తెలుగు పత్రికల గురించి రాసుకుంటూ ఉంటాను. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసుకు వచ్చి దినపత్రిక అయింది. ఇక్కడి తొలి సంవత్సరాల మీద 1980లలో ఒకరు పీహెచ్‌డీ చేశారని తెలిసింది. ఆ సిద్ధాంత వ్యాసం నగరంలోని ఒక యూనివర్సిటీ లైబ్రరీలో ఉందని వాళ్ల క్యాటలాగ్‌లోనే చూశాను.

పోయిన గురువారం లీవు పెట్టి వెళ్లాను. గేటు దగ్గర రాయించుకున్నారు, లోపల ఇంకోసారి రాయించుకున్నారు. తీరా చూస్తే ఆ సిద్ధాంత వ్యాసం ఉన్న బీరువా తాళంచెవి లైబ్రేరియన్ గారి దగ్గరే ఉందట. ఆయన మూడు రోజుల జాతీయ సదస్సుకు ఊరు వెళ్లారట. అక్కడ మాట్లాడే విషయం ఏమిటని అడిగితే, డిజిటల్ సేవలు అన్నారు. మరుసటి వారం రమ్మన్నారు. నాకు మళ్లీ లీవు ఎవరిస్తారు?

నేను అడిగేది ఒకటే. ఏటా ఇన్ని సదస్సులు జరుగుతున్నాయి. వాటి వల్ల చదువుకునేవాడికి ఏం ఒరిగింది? ఆ ఖర్చుతో ఒక స్కానర్ కొని, పాత తెలుగు సిద్ధాంత వ్యాసాలన్నీ నెట్‌లో పెట్టొచ్చు కదా?

ఆవడి_రైలు:
కన్నెమరా లైబ్రరీలో అడిగారా? 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక కాపీ అక్కడికి రావాలి.

చేపాక్_చదువరి:
అచ్చయితే వస్తుందండీ. ఇది అచ్చు కాలేదు. టైపు చేసి బైండు చేయించినవి మూడో నాలుగో ప్రతులు ఉంటాయి. అందులో ఒకటి ఆ బీరువాలో ఉంది.

గ్రంథపాలకుడు_27:
నేను ఈ నగరంలోనే మరో విద్యాసంస్థలో అసిస్టెంట్ లైబ్రేరియన్‌ని. ఇరవై ఏడేళ్ల సర్వీసు. మీరు వెళ్లిన చోటు నాది కాదు, ఆ లైబ్రేరియన్ ఎవరో కూడా నాకు తెలియదు. అయినా జవాబు చెప్పాలనిపించింది.

మొదట తాళం సంగతి. బీరువాకి తాళం ఎందుకు వేస్తామో ఎవరూ అడగరు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనల్లో, 2017 నాటి వాటిలో 215వ నియమం చూడండి. ఏడాదిలో పాఠకుల చేతికి వెళ్లిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోతే సహజ నష్టంగా తీసుకోవచ్చు అంటుంది. అదే నియమం, వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం గానీ అరుదైన పుస్తకం గానీ పోతే విచారణ జరపాలని కూడా అంటుంది. రాష్ట్ర సంస్థల్లోనూ ఆడిట్ వాళ్లు అలాగే అడుగుతారు. సిద్ధాంత వ్యాసం పోతే మళ్లీ కొనడానికి దొరకదు. సంతకం పెట్టింది నేను కాబట్టి బాధ్యత నాది. అందుకే తాళం.

ఇక స్కానింగ్. స్కానర్ ఉంటే చాలు అనుకుంటున్నారు. 1990ల తర్వాత వచ్చిన తెలుగు సిద్ధాంత వ్యాసాలు చాలావరకు 'అను' అనే పాత రకం తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి. వాటి పీడీఎఫ్‌లో మీరు యూనికోడ్‌లో, అంటే ఇప్పుడు ఫోన్లలో వాడే తెలుగులో, ఏ మాట వెతికినా దొరకదు, ఎందుకంటే లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, పైకి తెలుగుగా కనిపిస్తాయి అంతే. అంతకు ముందువి టైపు మిషన్ మీద కొట్టినవి. కార్బన్ ప్రతి అయితే అక్షరం అలుక్కుపోయి ఉంటుంది. క్యాటలాగ్‌లో శీర్షికలను ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కిస్తారు కదా, 'పత్రిక' అన్న మాటనే ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాస్తారు. నెట్‌లో ఉన్నా మీకు కనిపించదు.

ఇవన్నీ నాకు ఎక్కడ తెలిశాయి? సదస్సుల్లోనే. యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ 1994 నుంచి కాలిబర్ అని సదస్సులు నడుపుతోంది. కోహా, డీస్పేస్ లాంటి ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు ఎలా ఎక్కించుకోవాలో మా కాలేజీలో ఎవరూ నేర్పలేదు. భోజనాల దగ్గర పక్క రాష్ట్రం లైబ్రేరియన్ ఒకావిడ కాగితం మీద గీసి చూపించారు. ఆ కాగితం ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది.

చేపాక్_చదువరి:
అయ్యా, ఫాంట్ల గురించి చాలా చెప్పారు. సంతోషం. కానీ తాళంచెవి ఎందుకు ఇచ్చి వెళ్లలేదు?

గ్రంథపాలకుడు_27:
చెప్పాను కదండీ, బాధ్యత.

చేపాక్_చదువరి:
బాధ్యత ఉన్నవాడు ఊరికి వెళ్లేటప్పుడు ఇంకొకరికి అప్పగించి వెళ్తాడు. బ్యాంకు మేనేజరు సెలవు పెడితే బ్యాంకు మూసేస్తారా?

ఐటీ_కారిడార్:
బ్యాంకులో ఇంకో ఆఫీసరు ఉంటాడు బ్రదర్. లైబ్రరీలో ఎవరున్నారు?

గ్రంథపాలకుడు_27:
ఆయన సరిగ్గా చెప్పారు. మా దగ్గర సగానికి పైగా పోస్టులు ఖాళీ. ఒకరు రిటైరైతే ఆ కుర్చీ అలాగే ఉంటుంది. కాంట్రాక్టు మీద వచ్చే పిల్లలకు స్టాకు అప్పగించే అధికారం నాకు లేదు. అప్పగించినా పుస్తకం పోతే వాళ్ల జీతం ఎంత, కోత ఎంత?

రిటైర్డ్_మాస్టారు:
నాయనలారా, తాళంచెవి దగ్గరే ఆగిపోయారు. ఇదే మద్రాసులో 1924లో ఎస్.ఆర్. రంగనాథన్ యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా చేరారు. అంతకు ముందు ఆయన ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల మాస్టారు. 1931లో ఆయన చెప్పిన ఐదు సూత్రాల్లో మొదటిదే పుస్తకాలు వాడుకోవడానికి అని. దాచుకోవడానికి అనలేదు.

అయితే సభలు దండగ అన్న మాట నేను ఒప్పుకోను. 1914లో బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధులు సభ పెట్టుకున్నారు, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. దాని వెనక గ్రంథాలయ ఉద్యమకారుడు అయ్యంకి వెంకట రమణయ్య గారి తిరుగుడు ఎంతో ఉంది. అక్కడి నుంచే ఊరూరా గ్రంథాలయం అన్న పట్టుదల పెరిగింది. 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చిందంటే దాని వెనక ఏళ్ల తరబడి జరిగిన సభలు, తీర్మానాలు, విన్నపాలు ఉన్నాయి. ఒక్కడే కూర్చుని రాసుకుంటే చట్టం రాదు.

చేపాక్_చదువరి:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. అయ్యంకి గారు సభ పెడితే ఊళ్లో చదివేవాడికి పుస్తకం అందింది. ఇప్పటి సదస్సులో లైబ్రేరియన్లకు సర్టిఫికెట్ అందుతోంది, అది ప్రమోషన్ ఫైల్లోకి వెళ్తోంది. విద్యాసంస్థలకు పరిశోధన పత్రికలు అందించే 'ఒకే దేశం ఒకే చందా' అనే కేంద్ర పథకానికి 2024 నవంబరులో మూడేళ్లకు 6,000 కోట్లు మంజూరు చేశారు. ముప్పై మంది అంతర్జాతీయ ప్రచురణకర్తల పత్రికలు, పదమూడు వేల దాకా. మంచిదే. కానీ అవి ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఉన్నవాళ్లకి. నాలాంటివాడికి గేటు దగ్గరే ఆపు. బీరువాలో ఉన్న తెలుగు సిద్ధాంత వ్యాసానికి అందులోంచి ఒక్క రూపాయి రాదు.

గ్రంథపాలకుడు_27:
ఆ పథకం వేరు, ఇది వేరు. మా సైన్సు పిల్లలు ఒక్క వ్యాసం కోసం పరాయి దేశం వాళ్లను మెయిల్‌లో బతిమాలుకోవడం నేను చూశాను. వాళ్లకి ఇది పెద్ద ఊరట. దాన్ని తక్కువ చేయకండి.

సర్టిఫికెట్ మాట అన్నారు కాబట్టి చెబుతున్నాను. పోయిన సదస్సుకు రిజిస్ట్రేషన్, స్లీపర్ టికెట్టు నా జేబులోంచి పెట్టుకున్నాను. బిల్లు పెడితే నిధులు లేవని వెనక్కి వచ్చింది. ప్రమోషన్ వచ్చి ఎన్నేళ్లయిందో చెబితే మీరే బాధపడతారు. స్టాఫ్ మీటింగ్‌లో లెక్చరర్లు నా పక్క కుర్చీ ఖాళీ వదిలేసి కూర్చుంటారు. మమ్మల్ని పుస్తకాల కాపలావాడిలా చూస్తారు. ఇప్పుడు మీరూ అదే చేస్తున్నారు.

ఆవడి_రైలు:
ఇద్దరూ కాస్త టెన్షన్ తగ్గించుకోండి.

బసవనగుడి_బాట:
బెంగళూరు నుంచి. ఇక్కడ భారతీయ విజ్ఞాన సంస్థ ఐఐఎస్‌సీలో 2002లోనే ఈప్రింట్స్ అనే ఆన్‌లైన్ భండారం పెట్టారు. దేశంలో అలాంటివాటిలో మొదటిది. పరిశోధకులు తమ వ్యాసాలు తామే పెట్టుకునే ఏర్పాటు. అక్కడ రచయితే ఒప్పుకుని పెడుతున్నాడు కాబట్టి ఏ గొడవా లేదు. పాత సిద్ధాంత వ్యాసాల సంగతి అలా కాదు, రాసినవాళ్లను ఎవరు అడగాలి?

మాంబళం_మేడ:
ఇంతసేపు చదువుతూ ఉన్నాను, ఆఖరి మాట చూశాక రాయకుండా ఉండలేకపోయాను. మా అమ్మ 1970లలో తెలుగులో పీహెచ్‌డీ చేసింది. ఇద్దరు చిన్నపిల్లలతో, రాత్రి మమ్మల్ని పడుకోబెట్టాక వంటింట్లో కూర్చుని రాసేది. ఆ సిద్ధాంత వ్యాసం కూడా ఒక యూనివర్సిటీ బీరువాలోనే ఉంది.

తర్వాత పదేళ్లకు ఒకాయన పుస్తకం వేశారు. అందులో రెండు అధ్యాయాలు మా అమ్మవి. పేరాలకు పేరాలు, ఉదాహరణలతో సహా. అమ్మ గుర్తుపట్టింది. కానీ ఎవరికి చూపించాలి? తన ప్రతి బీరువాలో, ఆయన పుస్తకం అంగట్లో. చదివినవాళ్లు ఎవరిది ముందు అనుకుంటారు? అమ్మ ఎవరితోనూ పోట్లాడలేదు. మళ్లీ ఏదీ రాయలేదు. ఎనిమిదేళ్ల కిందట పోయింది.

కాబట్టి దొంగతనం భయంతో తాళం వేస్తాం అనే లైబ్రేరియన్లకు నేను చెప్పేది, తాళం వేసి ఉండగానే దొంగతనం జరిగింది.

చేపాక్_చదువరి:
మేడం, నా వాదన ఇదే. బయట పెట్టి ఉంటే దొంగ పట్టుబడేవాడు. నేను నిర్ణయించుకున్నాను. వచ్చే వారం వెళ్లి నాకు కావలసిన సిద్ధాంత వ్యాసం ఫోన్‌తో పేజీ పేజీ ఫోటో తీసి ఉచితంగా నెట్‌లో పెట్టేస్తాను. అమ్మగారిది ఏ లైబ్రరీలో ఉందో చెప్పండి, అదీ పెడతాను.

మాంబళం_మేడ:
ఆగండి. మా అమ్మది మీరెలా పెడతారు?

చేపాక్_చదువరి:
మీరే కదా బయటికి రావాలన్నారు?

మాంబళం_మేడ:
బయటికి రావాలన్నాను. మీ చేతుల మీదుగా అనలేదు. మీరు ఫోటో తీయబోయే ఆ మొదటి సిద్ధాంత వ్యాసం రాసినవారు బతికే ఉన్నారా? కనుక్కున్నారా? వాళ్ల పిల్లలెవరో కనుక్కున్నారా?

చేపాక్_చదువరి:
ఎక్కడని వెతకను మేడం? నలభై ఏళ్లయింది. అనుమతుల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఈలోగా చెదలు చదువుకుంటాయి. అది యూనివర్సిటీలో చేసిన పని. ఫెలోషిప్ జనం డబ్బు, గైడు జీతం జనం డబ్బు, బీరువా జనం డబ్బు. జనం డబ్బుతో పుట్టినది జనానిది. రాసినవాళ్ల దయ మీద ఆధారపడాల్సిన పని లేదు.

మాంబళం_మేడ:
మా అమ్మకు ఫెలోషిప్ రాలేదు. టైపు చేయించడానికి గాజులు తాకట్టు పెట్టింది. ఆ రెండు అధ్యాయాలు తీసుకున్నాయన కూడా మీలాగే అనుకుని ఉంటాడు, బీరువాలో ఊరికే పడి ఉంది కదా, నలుగురికీ ఉపయోగపడనీ అని. ఆయనా అడగలేదు, మీరూ అడగనంటున్నారు. ఆయన పేరు మార్చాడు, మీరు మార్చరు. అంతే తేడా.

ఐటీ_కారిడార్:
అది కొంచెం ఎక్కువ మాట మేడం. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు.

మాంబళం_మేడ:
ఉద్దేశం మంచిదే. నొప్పిస్తే క్షమించండి, కానీ ఆ మాట వెనక్కి తీసుకోను.

గ్రంథపాలకుడు_27:
అమ్మా, ఇన్నాళ్లూ నేను చెప్పలేకపోయింది మీరు చెప్పారు. సిద్ధాంత వ్యాసం మీద హక్కు సాధారణంగా రాసినవాళ్లది. వాళ్లు పోయాక అరవై ఏళ్ల దాకా వారసులది. 2009లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) నిబంధనల తర్వాత వచ్చినవాటికి సాఫ్ట్ కాపీ ఇవ్వాలన్న నియమం ఉంది కాబట్టి అవి శోధగంగ అనే ఆన్‌లైన్ సిద్ధాంత వ్యాసాల భండారంలోకి వెళ్తున్నాయి. అంతకు ముందు రాసినవాళ్లు అలాంటి దేనికీ సంతకం పెట్టలేదు. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ ప్రకారం, లైబ్రరీ తన దగ్గర ఉన్న ప్రతిని భద్రత కోసం డిజిటల్‌గా దాచుకోవచ్చు. కానీ అక్కడ ఉన్న మాట లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ. యూనివర్సిటీ లైబ్రరీ ఆ మాట కిందికి వస్తుందా? వచ్చినా దాచుకోవడం వేరు, ప్రపంచానికి పెట్టడం వేరు. ఈ భయం వల్లే నేను మా దగ్గర మూడు వందల దాకా స్కాన్ చేసి కూడా హార్డ్ డిస్క్‌లో ఉంచాను. బయటికి ఇవ్వలేదు.

చేపాక్_చదువరి:
అంటే స్కాన్ అయిపోయాయా? మూడు వందలు? ఇంతసేపూ ఫాంట్లు, టైపు మిషన్లు, పోస్టులు అని చెప్పి ఇప్పుడు చెబుతున్నారా?

గ్రంథపాలకుడు_27:
అవును. చెబితే మొదటి ప్రశ్న ఎందుకు ఇవ్వలేదనే అవుతుంది. ఆ ప్రశ్నకు మా సంస్థలో నా తరఫున నిలబడేవాళ్లు లేరు. ఎవరో ఒకరు కేసు వేస్తే నోటీసు నా పేరు మీద వస్తుంది.

రిటైర్డ్_మాస్టారు:
మీ భయం అర్థమైంది నాయనా. అయితే ఆ మూడు వందల మందిలో ఎంతమందికి మీరు ఉత్తరం రాశారు?

గ్రంథపాలకుడు_27:
ఒక్కరికీ రాయలేదు మాస్టారూ. రాయాలన్న ఆలోచన రాలేదని అనను. వచ్చింది. విడుదల ఉత్తర్వు నా చేతిలో లేదని పక్కన పెట్టాను.

మాంబళం_మేడ:
నాకు ఎవరైనా ఉత్తరం రాసి ఉంటే ఆ రోజే సంతకం పెట్టి ఇచ్చేదాన్ని. ఎనిమిదేళ్లలో ఎవరూ అడగలేదు. అమ్మ కార్బన్ ప్రతి మా ఇంట్లో ఉంది, చివరి పేజీలు నాలుగు చిరిగాయి. బీరువాలోని ప్రతిలో ఆ నాలుగూ ఉండాలి. సోమవారం నేనే ఉత్తరం పట్టుకుని వెళ్తాను. అమ్మ పేరుతో, అమ్మ తేదీతో, వాళ్ల సైట్‌లోనే పెట్టమని అడుగుతాను.

చేపాక్_చదువరి:
మంచిది మేడం. సోమవారం కాకుండా శనివారం అయితే నేనూ వస్తాను. నా మాట మాత్రం మారలేదు. రాసినవాళ్లు గానీ వారసులు గానీ దొరకని సిద్ధాంత వ్యాసాలు ఎన్నో ఉన్నాయి, అవి అరవై ఏళ్లు బీరువాలో ఉండాలనడం నేను ఒప్పుకోను.

మాంబళం_మేడ:
శనివారం ఆఫీసు ఉండదు. సోమవారం పదిన్నరకు. ముందు ఫోన్ చేసి తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కనుక్కుని బయలుదేరతాను.

గ్రంథపాలకుడు_27:
అమ్మా, ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని వెనక్కి తెచ్చుకోండి. అమ్మగారి మరణ ధ్రువపత్రం, మీరు కూతురని చూపే కాగితం జెరాక్స్ జతచేయండి. అవి లేకపోతే ఫైలు కదలదు. నమూనా ఉత్తరం ఈ రాత్రి రాసి ఇక్కడ పెడతాను. నా మూడు వందలకీ అదే పనికొస్తుంది.