బొద్దింకకు ముందు తల, మనిషికి ముందు పొట్టా? ఎక్స్‌రే చదువులో తికమక

కనిగిరి కుర్రాడు:
బెంగళూరులో ఎక్స్‌రే టెక్నీషియన్ డిప్లొమా మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ బైపీసీ తెలుగు మాధ్యమం. బొద్దింక బొమ్మ గీసి తల వైపు ‘పూర్వ’, వెనక కొసన ‘పర’, వీపున ‘పృష్ఠ’ అని రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని. పూర్వ అంటే యాంటీరియర్ కదా అని ఇక్కడ మనిషి బొమ్మ తల మీద ఆ మాట రాశాను. క్లాసంతా నవ్వింది. నిన్న ఛాతీ ఫిల్ము చూపిస్తే నా ఎడమ చేతి వైపున్నది ఎడమ ఊపిరితిత్తి అన్నాను. అదీ తప్పే. బట్టీ పట్టకుండా ఇవి తలకెక్కే దారి ఉందా?

జయనగర్ ఫిజియోథెరపిస్టు:
తమ్ముడూ, నువ్వు నేర్చుకున్నది తప్పు కాదు. బొద్దింక పాకుతుంది కాబట్టి దాని తలే ముందు నడుస్తుంది. మనిషి లేచి నిలబడ్డాడు. తల పైకి పోయి సుపీరియర్ అయింది, పొట్ట ముందుకొచ్చి యాంటీరియర్ అయింది. వీపు పోస్టీరియర్.

ఏ దిక్కు చెప్పాలన్నా ఒక మనిషిని మనసులో నిలబెట్టుకో. నిటారుగా, చూపు ఎదురుగా, చేతులు పక్కన, అరచేతులు ముందుకు. రోగి బోర్లా పడుకున్నా ఆ నిలబడ్డవాడి లెక్కే. కుడి ఎడమలు అతనివి. ఫిల్ములో అతను నీకు ఎదురుగా ఉన్నట్టే, కనుక అతని కుడి నీ ఎడమ వైపు పడుతుంది.

అరచేతులు ముందుకే ఎందుకని చదువుకునే రోజుల్లో నేనూ విసుక్కున్నాను. ముంజేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టు. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ఎముకను రెండో చేత్తో పట్టుకుని, అరచేతిని బోర్లించు. నీ వేళ్ల కింద ఎముక దొర్లుతూ అవతలికి పోతుంది చూడు, అది రేడియస్. చిటికెన వేలి వైపు అల్నా దాదాపు కదలదు. బోర్లిస్తే రెండూ అడ్డం పడతాయి, వెల్లకిలా ఉంటేనే పక్కపక్కన ఉంటాయి. అలా ఉన్నప్పుడు బొటనవేలు బయటి వైపు, అంటే లాటరల్. చిటికెన వేలు ఒంటి నడిమి గీత వైపు, అంటే మీడియల్.

మా దగ్గర నేర్చుకునే అమ్మాయిలకు నేను నగలతో చెబుతాను. దండకడియం పెట్టుకునే చోటే ఆర్మ్, భుజం నుంచి మోచేయి వరకు. గాజులుండేది ఫోర్‌ఆర్మ్. గాజులు దండకడియానికి డిస్టల్, ఉంగరానికి ప్రాక్సిమల్. భుజానికి దగ్గరిది ప్రాక్సిమల్, దూరంది డిస్టల్, అంతే. ముక్కుపుడక కమ్మలకు మీడియల్.

మనకు ‘కాలు’ అంటే మొత్తం కాలే, ఇక్కడి కన్నడంలోనూ అంతే. శరీర శాస్త్రంలో లెగ్ మోకాలి నుంచి చీలమండ వరకే. తొడ నొప్పితో వచ్చిన ఒక పెద్దాయన చేతిలో పిక్క ఎముకల ఫిల్ము చూశాను. చీటీ మీద ‘లెగ్’ అని రాసి ఉంది మరి!

చెన్నై వైద్య విద్యార్థి:
అక్కా, నగల లెక్క బాగుంది. మెట్టెల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తిరగబడుతుంది. చేతి బొటనవేలు లాటరల్, కాలి బొటనవేలు మీడియల్. పిండంలో చేతులూ కాళ్లూ మొగ్గ తొడిగాక ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. మోచేయి వెనక్కీ మోకాలు ముందుకీ ఉండడం అందువల్లే.

తమ్ముడికి ఇంకొకటి. ఛాతీ ఫిల్ముకు ‘పీఏ’ అంటే కిరణం వీపులోంచి దూరి ముందుకు వస్తుంది. గుండె ఛాతీలో ముందు వైపు ఉంటుంది కాబట్టి ప్లేటుకు దగ్గరై, దాని నీడ అంతగా పెరగదు. మంచం మీదున్న రోగికి ‘ఏపీ’, అంటే కిరణం ముందు నుంచి వీపు వైపు పోయేలా తీస్తే గుండె ఉన్నదానికంటే పెద్దగా పడుతుంది.

కనిగిరి కుర్రాడు:
హాస్టల్ మెస్సులో బల్ల మీద చేయి పెట్టి రేడియస్‌ను దొర్లించాను. పక్కనున్నవాళ్లూ ఇడ్లీ వదిలేసి మణికట్లు పట్టుకున్నారు. ఒక్క సందేహం అక్కా. ఏపీ తీసినా పీఏ తీసినా ‘ఎల్’ గుర్తు రోగి ఎడమ పక్కనే పెట్టాలా?

జయనగర్ ఫిజియోథెరపిస్టు:
రెండింటికీ రోగి ఎడమ పక్కనే. పీఏకు అతను నీకు వీపు తిప్పి నిలబడతాడు, అప్పుడు అతని ఎడమ నీ ఎడమే. అక్కడ కంగారు పడి తిప్పి పెట్టకు.