పాత బంకు స్థలం కొనేముందు తవ్వి చూడాలా, వద్దా?

కోనసీమ కుర్రాడు: రావులపాలెం దగ్గర రోడ్డు పక్కన పది సెంట్లు బేరానికొచ్చింది. ఒకప్పుడు పెట్రోలు బంకట. పంపులు పీకేశారు, కింద ట్యాంకులు తీశారో లేదో అమ్మే ఆయనకే తెలీదు. గోడవార ట్యాంకుల గాలిగొట్టాలు రెండు మాత్రం తుప్పు పట్టి నిలబడున్నాయి. ఇల్లు కట్టి బోరు వేద్దామని ఆశ. బయానాకి ముందు ఏం చూడాలండీ?

పెద్ద మోతుబరి: ఈసీ తీయించు, లింకు డాక్యుమెంట్లు చూసుకో. మిగతాదంతా అనుమానం జబ్బు.

కాకినాడ ఇంజినీరు: ఈసీలో రిజిస్ట్రేషన్లే ఉంటాయి, ట్యాంకులు కాదు. బంకులకి అనుమతిచ్చే కేంద్ర సంస్థ పెసో లైసెన్సుతో ఆమోదించిన ప్లాను అడగండి, ట్యాంకులెక్కడో అందులో గీసుంటుంది. నేల లోపలున్నవి చూపించే రాడార్ మన తడి బంకమట్టిలో పెద్దగా పనిచెయ్యదు, ఇనుముని పట్టే అయస్కాంత పరికరం నయం. తర్వాత ట్యాంకు పక్కన, లారీ దింపే చోట, పైపుల దారిలో చిన్న బోర్లు వేసి మట్టి, నీళ్లు రెండూ ల్యాబుకివ్వాలి.

మండపేట మావయ్య: పది సెంట్లలో బంకెలా పట్టిందండీ?

పెద్ద మోతుబరి: రెండడుగులు తవ్వి వాసన చూస్తే సరి. దానికి ల్యాబులెందుకు?

కాకినాడ ఇంజినీరు: పెట్రోలు నీటిమీద తేలుతుందండీ. కాలవలకి నీళ్లు ఆపేస్తే నీటిమట్టంతోపాటు దిగుతుంది, వదిలితే ఎక్కుతుంది, ఆ మందమంతా మట్టికి పడుతుంది. రెండడుగుల్లో ఏం తెలుస్తుంది? పెట్రోలులో బెంజీన్ అనే విషం ఉంటుంది, తాగేనీళ్లలో అది లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ముక్కుకి తెలియాలంటే దానికి వందల రెట్లుండాలి.

మండపేట మావయ్య: నా ప్రశ్నకి జవాబు రాలేదు. పది సెంట్లేంటి?

కోనసీమ కుర్రాడు: వెనక భాగం ఎప్పుడో అమ్మేశారటండీ.

మండపేట మావయ్య: అదీ సంగతి! ట్యాంకు పక్కవాడి ఇంటికింద ఉంటే నువ్వేం తవ్వుతావ్?

పాతసామాన్లు: ఇనప సామాన్లవాళ్లకి చెప్పండి, వాళ్లే పీక్కుపోతారు.

కాకినాడ ఇంజినీరు: దయచేసి ఆ పని చెయ్యొద్దు. ఖాళీ ట్యాంకులోనూ ఆవిరి ఉంటుంది, గ్యాస్ కట్టర్ రవ్వ చాలు.

పెద్ద మోతుబరి: మీరు ఎప్పుడూ కొనేవాడి వైపే. మా కొట్టు స్థలానికి ఒకడొచ్చి గొయ్యి తవ్వి, సంచిలో మట్టి పట్టుకెళ్లాడు. రిపోర్టు చూపించలేదు. ‘ఆ నేల చెడింది’ అని ఊరంతా చాటాడు. తర్వాత వాడి బావమరిదే సగం ధరకి అడిగాడు!

కాకినాడ ఇంజినీరు: అది మోసం, పరీక్ష తప్పు కాదు.

పెద్ద మోతుబరి: నష్టపోయింది నేను కదా!

కోనసీమ కుర్రాడు: పెద్దాయన చెప్పిందీ నిజమే. అయితే అగ్రిమెంటులోనే రాయిస్తాను: పరీక్ష ఖర్చు నాది, రిపోర్టు కాపీ ఆయనకి, గోతులు నేనే పూడ్పిస్తాను, ఫలితం ఎలా ఉన్నా బయటికి చెప్పను.

పెద్ద మోతుబరి: ఇది బావుంది. ట్యాంకు దొరికితే తీసే ఖర్చు?

కోనసీమ కుర్రాడు: అమ్మే ఆయనదే కదండీ.

పెద్ద మోతుబరి: చూశావా, మళ్లీ మొదలెట్టావ్.