‘రూమ్’ పిల్లాడిది ప్రధాన పాత్రా, సహాయ పాత్రా?

తెరచాప:
వాంకూవర్ కుర్రాడు జేకబ్ ట్రెంబ్లే 2006 అక్టోబరులో పుట్టాడు. టొరంటోలో ‘రూమ్’ (ఓ గదిలో బందీలైన తల్లీకొడుకుల కథ) తీసేనాటికి ఎనిమిదేళ్లవాడు, వేసింది ఐదేళ్ల జాక్ వేషం. అమెరికాలో ఆ సినిమాను విడుదల చేసిన ఏ24 సంస్థ అవార్డుల ప్రచారంలో అతన్ని సహాయ నటుడిగా నిలబెట్టింది. అమెరికా నటుల సంఘం స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ నామినేషన్ ఆ విభాగంలోనే వచ్చింది, ఆస్కార్‌కి అసలే రాలేదు. 2016లో కెనడియన్ స్క్రీన్ అవార్డుల వాళ్లు మాత్రం అదే నటనకు ప్రధాన విభాగంలో ఉత్తమ నటుడు అవార్డు ఇచ్చారు. నా లెక్కలో కెనడా వాళ్లదే సరైన తీర్పు. కథ నడిచేది జాక్ చూపుతో, వినిపించేది జాక్ గొంతుతో.

నలుపుతెలుపు:
గొంతు వినిపిస్తే ప్రధాన పాత్ర అయిపోదండీ. బిడ్డను బయటికి పంపాలన్న పథకం తల్లిది, బయటికొచ్చాక కుప్పకూలేదీ తల్లే. ఆ బరువు మోసింది బ్రీ లార్సన్, ఆస్కార్ కూడా ఆమెకే వచ్చింది. పైగా పిల్లల్ని సహాయ విభాగంలో పెట్టడం కొత్తేమీ కాదు. ‘క్రేమర్ వర్సెస్ క్రేమర్’కి ఎనిమిదేళ్ల జస్టిన్ హెన్రీ ఆ విభాగంలోనే నామినేట్ అయ్యాడు. ‘పేపర్ మూన్’కి టేటమ్ ఓనీల్ పదేళ్లకే అందులో గెలిచింది.

తెరచాప:
టేటమ్ ఓనీల్ ఉదాహరణ నా వాదనకే బలం. ఆ సినిమాలో ఆమె లేని సన్నివేశం వెతుక్కోవాలి. వయసు చూసి వేసిన విభాగమే అదీ. ‘బీస్ట్స్ ఆఫ్ ద సదరన్ వైల్డ్’కి తొమ్మిదేళ్ల క్వెంజనే వాలిస్ ప్రధాన విభాగంలోనే నామినేట్ అయింది కదా?

బ్యాలట్‌పెట్టె:
అసలు చిక్కు ఓట్ల లెక్కింపులో ఉంది. గిల్డ్‌లో ఏ విభాగానికి పేరు పంపితే అందులోనే ఓటు వెయ్యాలి. ఆస్కార్‌లిచ్చే అకాడమీలో అలా కాదు, ఎవరు ఏ విభాగమో నటుల శాఖ సభ్యులే బ్యాలట్ మీద నిర్ణయించుకుంటారు. స్టూడియో చెప్పేది సలహా మాత్రమే. ‘వేల్ రైడర్’కి కీషా కాజిల్-హ్యూస్, ‘ద రీడర్’కి కేట్ విన్‌స్లెట్ గిల్డ్‌లో సహాయ విభాగంలో ఉండి, ఆస్కార్‌లో ప్రధాన విభాగానికి వెళ్లింది అందుకే.

అయితే ఒకే నటనకు రెండు విభాగాల్లో పడ్డ ఓట్లను కలపరు. బ్యాలట్ మీద ఓటరు తన ఎంపికలను వరుస క్రమంలో రాస్తాడు. ఐదు నామినేషన్లున్న విభాగంలో ఒకరు నామినేట్ అవ్వడానికి కావలసిన కోటా, చెల్లిన బ్యాలట్లలో ఆరో వంతుకి ఇంకొకటి కలిపితే వచ్చేది. ఉదాహరణకి 600 బ్యాలట్లయితే 101. మొదటి ఎంపికలు ప్రధాన విభాగంలో 80, సహాయ విభాగంలో 70 పడ్డాయనుకోండి. మొత్తం 150 మంది మెచ్చినా మొదటి లెక్కలో ఎక్కడా కోటా దాటడు. ఆ తర్వాత కింది ఎంపికలు వచ్చి కలవాల్సిందే. ప్రచారం ఒకవైపు, ఓటరు మనసు ఇంకోవైపు ఉంటే జరిగే నష్టం ఇదే.

నలుపుతెలుపు:
అంటే ప్రచారం సహాయ విభాగంలో చెయ్యడం తెలివైన పనేగా? ఆ ఏడు ప్రధాన విభాగంలో డికాప్రియో ఉన్నాడు.

బ్యాలట్‌పెట్టె:
సహాయ విభాగం మాత్రం ఖాళీగా ఉందా? స్టాలోన్, మార్క్ రైలన్స్, బేల్, హార్డీ, రఫలో. ఇంకో సంగతి. అదే ఏడాది ‘కరోల్’లో రూనీ మారాని సహాయ విభాగానికి పంపడానికి ఓ కారణం ఉంది, కేట్ బ్లాంచెట్‌తో పోటీ తప్పించడం. ‘రూమ్’లో ఆ అవసరమే లేదు. లార్సన్ నటీమణుల్లో, జేకబ్ నటుల్లో. ఇద్దరినీ ప్రధాన విభాగాల్లో పెట్టినా ఒకరి ఓటు ఒకరికి తగలదు. పిల్లాడు కాబట్టే కిందికి దించారనిపిస్తుంది నాకు.

రీలుబండి:
మన జాతీయ అవార్డుల్లోలా బాలనటులకు వేరే విభాగం పెడితే గొడవే ఉండదు కదా.

తెరచాప:
అకాడమీకి అలాంటిది ఉండేది, 1961లో హేలీ మిల్స్‌తో ఆగిపోయింది. మళ్లీ పెడితే ఇలాంటి నటన పెద్దల పక్కన నిలబడే అవకాశమే పోతుంది.

నలుపుతెలుపు గారూ, సినిమా రెండో సగం ఇంకోసారి చూడండి. తల్లి ఆసుపత్రిలో ఉన్నంతసేపు కథను లాగేది ఎవరు? అమ్మమ్మ చేత జుట్టు కత్తిరించుకుని, అమ్మకు బలం వస్తుందని పంపేది జాక్. ఆ నిర్ణయం ఇంకెవరూ చెప్పింది కాదు, వాడిదే. సహాయ పాత్రకు అంత పని అప్పగించిన సినిమా ఇంకొకటి చూపించండి.

నలుపుతెలుపు:
జుట్టు సన్నివేశం వరకూ ఒప్పుకుంటాను. కానీ చివర్లో ఆ గదికి తిరిగి వెళ్దామని అడిగేది జాక్ అయినా, ఆ గుమ్మం దగ్గర నా కళ్లు వెతికింది తల్లి ముఖాన్నే.