తెలుగు పేర్లు కలిపినప్పుడే దారి తప్పుతున్న వర్చువల్ మెషీన్: లోపం యూనికోడ్‌లోనా, గార్బేజ్ కలెక్టర్‌లోనా?

కొబ్బరితోట (అమలాపురం) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. అంబాజీపేటలో మా బావగారికి కొబ్బరికాయల వ్యాపారం ఉంది. ఏ ఊరి రైతు ఎన్ని వేల కాయలు తోలాడో, వెయ్యి కాయలకు ఎంత ధర పలికిందో, ఇంకా ఎంత బాకీ ఉందో చూపించే చీటీలు అచ్చువేయడానికి ఆయనకు ఒక చిన్న ప్రోగ్రాం రాసి ఇచ్చాను. అది ఒక ఓపెన్ సోర్స్ వర్చువల్ మెషీన్ (ప్రోగ్రాంలను నడిపే ప్రోగ్రాం) మీద నడుస్తుంది. ఆ మెషీన్‌ను సి భాషలో రాశారు. అది బైట్‌కోడ్ అనే చిన్న చిన్న ఆదేశాలను, విలువలను స్టాక్ అనే దొంతరలో ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ నడుపుతుంది. జ్ఞాపకాన్ని శుభ్రం చేయడానికి మార్క్ అండ్ స్వీప్ పద్ధతి గార్బేజ్ కలెక్టర్ ఉంది, అంటే వాడుకలో ఉన్న వస్తువులకు గుర్తు పెట్టి (మార్క్), మిగిలినవాటిని ఊడ్చి (స్వీప్) వాటి చోటును ఖాళీ చేసే భాగం. దాన్ని చూసుకునేవాళ్లు నలుగురైదుగురే కావడంతో, ఏడాదిగా తీరిక దొరికినప్పుడల్లా నేనూ ఆ కోడ్‌లో చెయ్యి పెడుతున్నాను.

సమస్య ఇది. పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్నంతకాలం రెండు వేల వరుసల జాబితా మొత్తం సక్రమంగా అచ్చయ్యేది. రైతులకు చదువుకోవడానికి వీలుగా ఉంటుందని ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు తెలుగులోకి మార్చిన రోజు నుంచి, సుమారు 1,700 వరుసలు దాటాక ఏదో ఒకచోట తప్పు పడుతోంది. ఒక్కోసారి మెషీన్ కూలిపోతోంది. అంతకన్నా భయపెట్టే సంగతి ఏమిటంటే, ఒక్కోసారి కూలకుండానే అయినవిల్లి రైతు చీటీ మీద రాజోలు అని అచ్చవుతోంది. లెక్క సరిగ్గానే ఉంటుంది, ఊరే మారిపోతుంది. మొన్న ఒక పెద్దాయన చీటీ తిరగేసి చూసి, “మా ఊరు ఎప్పుడు మార్చారండీ?” అని బావగారిని అడిగారట.

తప్పు ఎక్కడ పడుతోందో చూద్దామని మధ్యలో ఒక ప్రింట్ వాక్యం చేరిస్తే అది మాయమవుతోంది. ఆ వాక్యం తీసేస్తే మళ్లీ వస్తోంది. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8ను చదివే భాగంలోనే లోపం ఉండి ఉంటుందని మూడు రోజులు దాన్ని అక్షరం అక్షరం పరిశీలించాను, ఏమీ దొరకలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు చెప్పగలరు.

లాకులదగ్గర (ధవళేశ్వరం) ఇచ్చిన జవాబు

మీరు మూడు రోజులు వెతికిన చోట లోపం లేదని నా అనుమానమండీ. యూటీఎఫ్-8లో తేడా వస్తే అక్షరం మధ్యలో తెగుతుంది, గుడింతం విడిపోతుంది, లేదా ఖాళీ పెట్టెలు గాని ప్రశ్నార్థకాలు గాని కనిపిస్తాయి. ఒక ఊరి స్థానంలో ఇంకో ఊరి పేరు ఒక్క ఒత్తు కూడా చెదరకుండా రావడం యూనికోడ్ పొరపాటు లక్షణం కాదు. ఒక స్ట్రింగ్ (అక్షరాల వరుస) ఉన్న జ్ఞాపకాన్ని కలెక్టర్ విడుదల చేసేసిందని, ఆ చోటును వెంటనే ఇంకో స్ట్రింగ్‌కు ఇచ్చారని, మీ కోడ్‌లో మాత్రం పాత చిరునామా మిగిలిపోయిందని దీని అర్థం. శివారు పొలానికి నీరు అందకపోతే శివారులోనే బోదె తవ్వుకుంటూ కూర్చోము కదా, పై లాకు దగ్గరకు వెళ్లి చూస్తాము.

అయితే తెలుగులోనే ఎందుకు వస్తోందన్నది సరైన ప్రశ్నే, దానికి జవాబు లెక్కలో ఉంది. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో కేటాయించిన ప్రతి సంకేతం యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకుంటుంది. రాజోలు అన్న మాటను ఇంగ్లీషు లిపిలో రాస్తే 6 అక్షరాలు, 6 బైట్లు. తెలుగులో కూడా గుడింతాలతో కలిపి 6 సంకేతాలే, కానీ 18 బైట్లు. మీ మెషీన్ మొదటిసారి చెత్త ఏరేది 1,048,576 బైట్లు కేటాయించాక అనుకుందాము. ఒక్కో వరుసకు నాలుగు స్ట్రింగులు తయారవుతాయని, ఒక్కోదానికి 32 బైట్ల శీర్షం (దాని వివరాలు దాచే భాగం) ఉంటుందని, పాఠం తెలుగులో సగటున 120, ఇంగ్లీషులో 40 బైట్లని అనుకుంటే, తెలుగు వరుసకు 608 బైట్లు, ఇంగ్లీషు వరుసకు 288 బైట్లు ఖర్చవుతాయి. తెలుగు జాబితా సుమారు 1,720వ వరుస దగ్గర హద్దు తాకుతుంది. ఇంగ్లీషు జాబితా 3,640 దాటితే గాని తాకదు, మీ జాబితా అంతకు ముందే అయిపోతుంది. అంటే ఇంగ్లీషు జాబితా నడిచిన ఇన్నాళ్లూ మీ కలెక్టర్ ఒక్కసారైనా పనిచేసి ఉండకపోవచ్చు.

దీన్ని తేల్చడం తేలిక. ఇంగ్లీషు జాబితానే రెండుసార్లు వరుసగా అతికించి నడపండి. అందులోనూ తప్పు వస్తే యూనికోడ్‌ను వదిలిపెట్టవచ్చు.

తరవాత చేయవలసిన పని, ప్రతి కేటాయింపుకు ముందూ కలెక్టర్ పూర్తిగా నడిచేలా ఒక పరీక్షా స్థితిని ఏర్పాటు చేయడం. రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఈ సదుపాయం ముందే ఉంది. దాన్ని జీసీ స్ట్రెస్ అంటారు. మీ మెషీన్‌లో లేకపోతే కేటాయింపు ఫంక్షన్‌లో ఒక షరతు రాస్తే చాలు. ఆ స్థితిలో, ఎప్పుడో 1,700వ వరుసలో కనిపించే లోపం మొదటి వరుసలోనే, ప్రతిసారీ అదే చోట బయటపడుతుంది. ప్రింట్ చేరిస్తే మాయమవడం కూడా ఇక ఉండదు. ప్రింట్ కూడా కొంత జ్ఞాపకం తీసుకుంటుంది కాబట్టి కలెక్టర్ నడిచే క్షణం ఒక అడుగు జరిగి ప్రమాదం లేని చోట పడుతోంది, అంతే.

ఉండిరోడ్డు (భీమవరం) ఇచ్చిన జవాబు

పై వివరణ చాలా వరకు సరైనదే, కానీ నాకు ఇంకో చోటు మీద అనుమానం ఉంది. మీ మెషీన్ ఒకే పాఠం ఉన్న స్ట్రింగులను ఒకే ప్రతిగా దాచే పట్టికను వాడుతుంటే, ఆ పట్టిక స్ట్రింగులను బతికించి ఉంచకూడదు, అలాగని చచ్చిన స్ట్రింగుల చిరునామాలను తనలో ఉంచుకోనూ కూడదు. మార్క్ పూర్తయ్యాక, స్వీప్ మొదలవకముందే, గుర్తు పడని స్ట్రింగులను పట్టిక నుంచి తొలగించాలి. ఆ ఒక్క అడుగు మరిచిపోతే, విడుదలైన స్ట్రింగును పట్టిక మళ్లీ మీ చేతికిస్తుంది. పట్టికను తాత్కాలికంగా ఆపి చూడండి.

ఇంకొక మాట. జ్ఞాపకాన్ని తప్పుగా తాకితే పట్టుకునే అడ్రస్ శానిటైజర్‌తో మళ్లీ కంపైల్ చేయకుండా ఈ పనికి దిగవద్దు. విడుదలైన జ్ఞాపకాన్ని తాకగానే ఆ తాకిన చోటు, అంతకు ముందు దాన్ని విడుదల చేసిన చోటు, మొదట కేటాయించిన చోటు, మూడింటినీ వరుసగా చూపిస్తుంది. వేగం సుమారు సగానికి పడిపోతుంది, అది భరించదగినదే. అయితే చిన్న వస్తువులకు మీ మెషీన్ సొంత పూల్ (ముందే ఒక పెద్ద ముక్క తీసుకుని తనే పంచే ఏర్పాటు) వాడుతుంటే మాత్రం శానిటైజర్‌కు ఏమీ కనిపించదు, ఎందుకంటే దాని దృష్టిలో ఆ పూల్ అంతా ఒకే పెద్ద కేటాయింపు. పరీక్ష కోసం పూల్‌ను పక్కనపెట్టి, జ్ఞాపకాన్ని తీసుకుని వదిలే మామూలు సి ఫంక్షన్లు మాలాక్, ఫ్రీలకు మార్చండి. ఆ వెసులుబాటు లేకపోతే, విడుదల చేసే ప్రతి వస్తువునూ 221 అనే బైటుతో నింపండి. డీబగ్గర్‌లో వరుసగా 221లు కనిపించాయంటే అది చచ్చిన వస్తువేనని చూడగానే తెలిసిపోతుంది.

కొబ్బరితోట

ఇద్దరికీ కృతజ్ఞతలు. చెప్పినవన్నీ చేశాను.

ఇంగ్లీషు జాబితాను రెండుసార్లు అతికిస్తే 3,600 దాటాక అందులోనూ ఊరు మారింది. యూనికోడ్ మీద ఇన్నాళ్లూ నింద మోపినందుకు సిగ్గుపడ్డాను. స్ట్రింగుల పట్టికను ఆపినా తప్పు పోలేదు. ఆ కోడ్‌లో తొలగింపు అడుగు సరైన చోటే ఉంది.

పూల్ తీసేసి, శానిటైజర్ పెట్టి, ప్రతి కేటాయింపుకూ కలెక్టర్ నడిచేలా చేసి ఒకే ఒక వరుస ఇచ్చాను. క్షణంలో ఆగిపోయింది. చూపిన మూడు చోట్లలో రెండు ఒకే ఫంక్షన్‌లో ఉన్నాయి. అది భాషలోది కాదు, సిలో రాసిన జాయిన్ అనే సహాయక ఫంక్షన్. ఊరు, రైతు పేరు, కాయల సంఖ్య, ధర ఇస్తే మధ్యలో గీతలు పెట్టి కలుపుతుంది. అది మొదట ఊరినీ గీతనూ కలిపి ఒక తాత్కాలిక స్ట్రింగు చేసి, దాని చిరునామాను సి చరరాశిలో పెట్టుకుంటుంది. తరవాత రైతు పేరు చేర్చడానికి రెండో స్ట్రింగు కేటాయిస్తుంది. ఆ రెండో కేటాయింపులో కలెక్టర్ నడిచి, మెషీన్ స్టాక్‌నూ గ్లోబల్ పట్టికనూ చూసి, మొదటి స్ట్రింగును ఎవరూ పట్టుకోలేదని తేల్చి విడుదల చేసేస్తోంది. సి చరరాశిలో ఉన్న చిరునామా దానికి కనిపించదు కదా.

బైట్‌కోడ్‌లోని కలిపే ఆదేశం మాత్రం సరిగ్గానే ఉంది. కొత్త స్ట్రింగు తయారయ్యేవరకు పాత రెండింటినీ స్టాక్ మీద నుంచి దించకుండా, అక్కడే ఉంచి చదువుతోంది. ఆ జాగ్రత్త సహాయక ఫంక్షన్ రాసినవారికి తట్టలేదు. చరిత్ర తిరగేస్తే ఆ రాసినది నేనే అని తేలింది.

ఇప్పుడు దీన్ని ఎలా సరిచేయడం మంచిది? తాత్కాలిక స్ట్రింగును స్టాక్ మీదకు నెట్టి, పని అయ్యాక దించితే సరిపోతుందా?

కాకినాడ నుంచి ఒకరు

సరిపోతుంది, కానీ అలా చేస్తే ఇకముందు సహాయక ఫంక్షన్ రాసే ప్రతివారూ ఆ నియమం గుర్తుపెట్టుకోవాలి, ఎవరో ఒకరు మరిచిపోతారు. వేర్వేరు భాషల మెషీన్లు దీనికి వేర్వేరు దారులు పట్టాయి. రూబీ కలెక్టర్ సి స్టాక్‌ను కూడా గాలించి, చిరునామాలా కనిపించే ప్రతి విలువనూ బతికున్న వస్తువుగానే లెక్కిస్తుంది. రాసేవారికి అది సుఖమే కానీ, కంపైలర్ ఆప్టిమైజ్ చేస్తూ ఆ చరరాశినే తీసేస్తే రక్షణ పోతుంది. అందుకే అక్కడ ఆ చరరాశిని తీసేయకుండా కంపైలర్‌ను ఆపే జీసీ గార్డ్ అనే మాక్రో పెట్టవలసి వచ్చింది. లువా అనే భాష ఇంకో దారి పట్టింది. సి కోడ్‌కు వస్తువు చిరునామా ఇవ్వడం బదులు స్టాక్ మీద దాని స్థానం సంఖ్యను ఇస్తుంది. వస్తువు ఎప్పుడూ స్టాక్ మీదే ఉంటుంది కాబట్టి కలెక్టర్ దాన్ని చూడకుండా పోవడానికి వీలుండదు. చిన్న మెషీన్‌కు ఈ రెండో దారే తగినదని నా అభిప్రాయం. కానీ మీ మెషీన్‌లో ఇప్పటికే ఉన్న ఫంక్షన్లన్నీ తిరగరాయవలసి వస్తుంది, అది నలుగురైదుగురి వల్ల ఒక వారంలో అయ్యే పని కాదు.

జాయిన్ వరకు చూస్తే, తాత్కాలిక స్ట్రింగును కాపాడటం కన్నా దాన్ని అసలు పుట్టనివ్వకపోవడం మేలు. ముందు అన్ని ముక్కల పొడవులూ కూడండి, ఆ మొత్తానికి ఒకే ఒక స్ట్రింగు కేటాయించండి, తరవాత ముక్కలను ఒక్కొక్కటిగా అందులోకి నకలు చేయండి. మూల ముక్కలు ఆర్గ్యుమెంట్లుగా స్టాక్ మీదే ఉంటాయి కాబట్టి ఆ ఒక్క కేటాయింపులో కలెక్టర్ నడిచినా వాటికి హాని లేదు. లువాలోని కలిపే ఆదేశం కూడా ఇదే చేస్తుంది. దీనితో లోపం పోతుంది, కలపడానికి జరిగే కేటాయింపులు ఒకటికి తగ్గుతాయి.

ఒక్కచోట జాగ్రత్త పడాలి. కాయల లెక్క, ధర మీకు సంఖ్యలుగా వస్తున్నాయి. వాటిని పాఠంగా మార్చడం కూడా కేటాయింపే. కాయల లెక్కను మార్చి సి చరరాశిలో పెట్టుకుని, తరవాత ధరను మార్చారంటే అదే గోతిలో మళ్లీ పడతారు. మార్చిన పాఠాన్ని ఆ సంఖ్య ఉన్న స్టాక్ స్థానంలోనే తిరిగి పెట్టండి.

ఎన్ని బైట్లకు కలెక్టర్ నడవాలన్న మీ హద్దు నియమాన్ని కూడా చూశాను. ప్రతిసారీ హద్దును గుడ్డిగా రెట్టింపు చేస్తున్నారు. గంటల తరబడి నడిచే ప్రోగ్రాంలో అది పెరుగుతూనే పోతుంది. ఏరివేత తరవాత మిగిలిన బైట్లను బట్టి తరవాతి హద్దు నిర్ణయించాలి. లువా 5.4లో ఆ నిష్పత్తి మామూలుగా 200 శాతం, అంటే మిగిలినదానికి రెట్టింపు అయినప్పుడు మళ్లీ మొదలు. అయితే ఈ మార్పును వేరే ప్యాచ్ (కోడ్ మార్పుల కట్ట)గా పంపండి. లోపం దిద్దుబాటునూ వేగం మార్పునూ ఒకే ప్యాచ్‌లో కలిపితే, రేపు ఏదైనా చెడినప్పుడు గిట్ బైసెక్ట్ (తప్పు ఏ మార్పుతో మొదలైందో సగం సగంగా వెతకడం) చేసి ఆ ప్యాచ్ దాకా వచ్చాక కూడా, రెండింటిలో తప్పు దేనిదో చెప్పలేము.

కొబ్బరితోట

మీరు చెప్పినట్టే జాయిన్‌ను తిరగరాశాను. సంఖ్యల విషయం చెప్పకపోయి ఉంటే ఖచ్చితంగా ఆ గోతిలోనే పడేవాడిని. మొదటి ప్రయత్నంలో అలాగే రాసి ఉంచాను కూడా. ఇప్పుడు ఒక్క వరుస, కలెక్టర్ ప్రతి అడుగులో నడిచినా, శానిటైజర్ నోరు మెదపకుండా అచ్చవుతోంది.

రెండు వేల వరుసల జాబితాను కూడా ఆ స్థితిలోనే నడిపి చూద్దామనుకున్నాను. ప్రతి కేటాయింపుకూ వస్తువులన్నీ ఉండే హీప్‌ను మొత్తం మొదటి నుంచి గాలించడం వల్ల జాబితా పెరిగేకొద్దీ నత్తనడక అయింది. రాత్రి వదిలేసి పడుకుంటే, గాలివానకు కరెంటు పోయి సగంలో ఆగింది. ఇక ఆ పట్టుదల వదిలి 20 వరుసలతో ఒక పరీక్ష రాశాను: అయినవిల్లి, రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం, ప్రతి ఊరికీ వేరే లెక్క, వేరే ధర. అదే పరీక్ష పాత కోడ్ మీద మొదటి వరుసలోనే విఫలమవుతోంది, కొత్త కోడ్ మీద పూర్తవుతోంది. పూర్తి జాబితాను మామూలు స్థితిలో తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో రెండింతలు చేసి ఇంకోసారి నడిపాను; ఊళ్లన్నీ తమ తమ చోట్లే ఉన్నాయి.

దిద్దుబాటునూ పరీక్షనూ ఒక ప్యాచ్‌గా పంపాను. హద్దు నియమాన్ని ఇంకా ముట్టుకోలేదు. ఆ ఫైలులోనే జాయిన్‌కు కింద, ఒక స్ట్రింగును ముక్కలు చేసి జాబితాగా ఇచ్చే ఫంక్షన్ ఒకటి ఉంది. అదీ నేను రాసినదే, అదే నెలలో. అందులో కొత్త జాబితాను ఇంకా స్టాక్ మీద పెట్టకుండానే మొదటి ముక్కకు కేటాయింపు జరుగుతోంది. రేపు ముందుగా దానికి ఒక పరీక్ష రాసి, అది విఫలమైందని చూసుకున్నాకే కోడ్ మీద చెయ్యి వేస్తాను.