అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్ లీజు: ‘కరోనా దెబ్బ’ ఇంకా ఉందా, ఓనర్ చెప్పే సాకా?

మిర్యాలగూడ_మల్లన్న:
అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలె. అమీర్‌పేటల పాత సత్యం థియేటర్ వెనక గల్లీల నడుస్తున్న లేడీస్ హాస్టల్ ఒకటి లీజుకు వచ్చింది. నేనూ, మా బామ్మర్దీ పైసలు పెడతం, నా భార్య దగ్గరుండి చూసుకుంటది. పోయి చూస్తే సగం బెడ్లు ఖాళీ. ఇప్పుడు నడిపిస్తున్నాయన ఏమంటడంటే, “కరోనాకు ముందు బెడ్ దొరికేది కాదు, దాంతోనే పడిపోయింది, రెండేళ్లల్ల మళ్లీ లేస్తది” అని. ఆ లేచే దానికి కూడా గుడ్‌విల్ అని లీజు మీద అదనంగ పైసలు అడుగుతున్నడు.

నా డౌట్ ఏందంటే, రోగం పోయి ఏండ్లు గడిచె. మెట్రోల నిలబడ జాగ లేదు, సినిమా హాళ్లు నిండుతున్నయి, ఫంక్షన్ హాళ్లు దొరుకుతలేవు. ఈయన హాస్టల్‌కే కరోనా మిగిలిందా? నా భార్య డౌట్ వేరే. అసొంటిది మళ్లొకటి వస్తే అంతమంది ఆడపిల్లల్ని పెట్టుకొని ఏం చేస్తం అంటది. నడిపినోళ్లు, ఉన్నోళ్లు జర చెప్పున్రి.

ఎస్సార్‌నగర్_ఆంటీ:
బాబూ, మాది నరసరావుపేట. ఎస్సార్‌నగర్‌లో చాలా ఏళ్లుగా ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నాను. మీ ఓనరు సగం నిజమే చెప్పాడు. పడిపోయింది కరోనాతోనే. మళ్లీ లేస్తుందన్నది ఆయన ఆశ. దానికి మీరు గుడ్‌విల్ కట్టనక్కర్లేదు.

ముందు మీ ఆవిడ ప్రశ్న. 2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో 21 రోజుల లాక్‌డౌన్ అన్నారు. పండగ పూట తెల్లారేసరికి మా వీధంతా బ్యాగులు పట్టుకున్న పిల్లలు. ఊళ్లకు పోవడానికి పాసుల కోసం పోలీస్ స్టేషన్ ముందు బారులు తీరారు. దూరంగా ఉండండి అని చెప్పిన మర్నాడే అంతమందీ ఒకరి భుజం మీద ఒకరు! చాలా హాస్టళ్లు ఖాళీ చేసెయ్యమన్నాయి. వాళ్లను తిట్టి ఊరుకోవడం తేలికే గానీ, వంటమనిషి రాదు, కూరగాయలు దొరకవు, బిల్డింగ్ ఓనరు అద్దె ఆపడు, పక్కింటివాళ్లేమో “ఇంతమందిని పెట్టుకుంటే మాకు అంటదా” అని గేటు ముందు గొడవ. పాసులు తీసుకుని బయల్దేరిన వాళ్లను జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆపేశారు. తెలంగాణ పోలీసులిచ్చిన కాగితం ఆంధ్రలోకి వెళ్లడానికి పనికిరాలేదు. హాస్టళ్లు ఖాళీ చేయించొద్దని ఆ తర్వాత ప్రభుత్వం చెప్పింది.

మా దగ్గర కొంతమంది ఉండిపోయారు. నేనూ, మా ఆయనా వండిపెట్టాం. రోజూ పప్పే. ఆ నెలల్లో వాళ్లలో ఒక్కరికీ కరోనా రాలేదు. అయినా ఆరోగ్యంగా ఉన్నారని నేననను. తెల్లవార్లూ ఫోన్ చూసి మధ్యాహ్నం లేచేవాళ్లు, నెలసరి తప్పినవాళ్లు, చేతులు కడిగి కడిగి వేళ్ల సందుల్లో చర్మం లేచిపోయిన పిల్ల. ఒకమ్మాయికి ఉద్యోగం వచ్చినట్టు మెయిల్ ఉంది, చేరే తేదీ మాత్రం వాయిదా మీద వాయిదా. ఆ మెయిల్ రోజూ తెరిచి చూసుకునేది, అన్నం ముందు కూర్చుని ఏడ్చేది. ఆ మొదటి ఏడాదిలో ప్రపంచమంతటా ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినట్టు తర్వాత పేపర్లో చదివాను. నాకైతే ఆ లెక్క మా రెండో అంతస్తులోనే కనబడింది.

2021 ఏప్రిల్, మే నెలలు ఇంకోరకం. మే 12 నుంచి ఇక్కడ మళ్లీ లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పదింటి దాకానే బయటికి. మా వంటమనిషి భర్తకు కరోనా తగ్గింది, తగ్గాక కన్ను వాచింది. ఆయనకు ముందునుంచీ సుగరు, దాని మీద స్టెరాయిడ్లు పడ్డాయి. బ్లాక్ ఫంగస్ అన్నారు. అప్పుడు అలాంటి కేసుల్ని సర్కారు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి పంపేది. మనిషి బతికాడు, కన్ను పోయింది, ఆటో నడపలేడు. ఆవిడ ఆయన్ని తీసుకుని ఊరెళ్లిపోయింది. అంత చేయి తిరిగిన మనిషి నాకు మళ్లీ దొరకలేదు. కొత్తావిడ జీతం ఎక్కువ, సాంబారు నీళ్లు. పిల్లలు వారం తిని వేరే హాస్టల్‌కి మారిపోతారు. కరోనా అంటే ఆసుపత్రి లెక్కే అనుకుంటారు గానీ, నా మెస్సు ఖర్చు పెరగడానికీ అదే కారణం.

ఇక బెడ్ల సంగతి. మా కాలంలో హాస్టల్ నింపింది అమీర్‌పేట మైత్రీవనం దగ్గరి కోచింగ్ సెంటర్లు. జావా అనీ, టెస్టింగ్ అనీ, బ్యాంకు పరీక్షలనీ వచ్చి, నాలుగు నెలలు నలుగురు ఒక గదిలో సర్దుకుని, ఉద్యోగం వచ్చాక స్వీట్లు పంచి వెళ్లేవాళ్లు. క్లాసులన్నీ ఫోన్లోకి వెళ్లాక నరసరావుపేట పిల్ల నరసరావుపేటలోనే కూర్చుని నేర్చుకుంటోంది. ఆ బేరం మళ్లీ రాదు. తిరిగొచ్చింది ఉద్యోగాల పిల్లలు. వాళ్లు ముందు కొండాపూర్, గచ్చిబౌలి చూస్తారు, అక్కడ కుదరకపోతే మెట్రో ఉంది కదా అని మన దగ్గరకొస్తారు. ఫోర్ షేరింగ్ అంటే మెట్లు కూడా ఎక్కరు. పైగా వారంలో రెండు మూడు రోజులు గదిలోనే పని. ఒకప్పుడు పొద్దున తొమ్మిదికి హాస్టల్ ఖాళీ, సాయంత్రం దాకా ఫ్యాన్ తిరిగేది కాదు, ట్యాంకు నిండుగా ఉండేది. ఇప్పుడు పగలంతా కరెంటు, నీళ్లు, మధ్యాహ్నం వేడన్నం. బెడ్లు తగ్గాయి, ఖర్చు తగ్గలేదు. మీ ఓనరు ఇది చెప్పి ఉండడు.

టీబీ_డ్యూటీ:
మల్లన్నా, టీబీ ప్రోగ్రాంల పనిచేస్తున్న. వదినకు చెప్పు, కొత్త రోగం ఎప్పుడొస్తదో అని భయపడే ముందు పాతదాన్ని చూడాలె. 2019ల దేశం మొత్తం మీద 24 లక్షల టీబీ కేసులు రాసుకున్నం, 2020ల 18 లక్షలే. జబ్బు తగ్గి కాదు. బస్సుల్లేక మనిషి రాలే. మా మిషన్లు, మా స్టాఫ్ కరోనా టెస్టులకు పోయిన్రు. ఇంకోటి, దగ్గున్నోడు దగ్గని నోరిప్పి చెప్పలే. చెప్తే ఇంటోనర్ ఎల్లగొడతడని భయం. ఆ దాసుకున్న దగ్గులు ఇంట్ల నలుగురికి అంటుకొని మా దగ్గరికి లేట్‌గా వచ్చినయి.

హాస్టల్‌ల గూడ అంతే. దగ్గితే ఖాళీ చేయమంటరని తెలిసిన పిల్ల నెలలకొద్ది దగ్గు సిరప్ తాగుకుంట దాస్తది. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేపియ్యి, సర్కార్ దవాఖానల ఫ్రీ, మందులు గూడ ఫ్రీ. మందులు సరిగ్గ వాడుకుంట పోతే కొన్ని వారాలల్ల శానమందికి అంటించే గుణం పోతది, ఉద్యోగం మానే పని లేదు. ఆ బిల్డింగ్ తీసుకునే ముందు ఒక్కొక్క రూంల పోయి కిటికీ తెరువు. ఒక రూంను ప్లైవుడ్‌తోని రెండు చేసి, ఒకదానికి కిటికీ లేకుండ పెట్టిన్రంటే ఆ బిల్డింగే వద్దు. టీబీ అయినా, కరోనా అయినా గాలి ఆడని రూంలనే పెరుగుతది.

కోచింగ్_సార్:
అంతా కరోనా మీదకు నెట్టడం నాకు నచ్చదు. నేను 2018 నుంచే ఆన్‌లైన్ బ్యాచులు చెప్తున్నాను. అమీర్‌పేటకొచ్చి నేర్చుకోవడం ఎలాగూ పోయేదే, పదేళ్లలో పోయేది ఒక్క ఏడాదిలో పోయింది, అంతే. ఆంటీ గారి మిగతా లెక్కతో ఏకీభవిస్తున్నాను.

కొండాపూర్_కావ్య:
నేను 2020లో అమీర్‌పేట హాస్టల్ నుంచి సాయంత్రంలోగా వెళ్లిపొమ్మంటే వెళ్లిన దాన్ని (ఏ హాస్టలో చెప్పను). సార్, మీకు బ్యాచ్ ఆన్‌లైన్‌కి మారింది. మాకు ఇంట్లోవాళ్లు “ఆన్‌లైన్‌లోనే వస్తోంది కదా, ఇక హైదరాబాద్ ఎందుకు” అనడం మొదలైంది. నా రూమ్మేట్‌కి అలాగే సంబంధం చూశారు. పెళ్లికి యాభై మందికి మించకూడదని రూలు, ఖర్చు కలిసొస్తుందని ముహూర్తం ముందుకు జరిపారు. కోర్సు సగంలో ఉంది. ఇప్పుడు తన కొడుకు ఎల్‌కేజీ. తను మళ్లీ నేర్చుకోవాలనుకుంటోంది, కానీ ల్యాప్‌టాప్ తెరిస్తే అత్తగారు పిలుస్తారట. ఖాళీ బెడ్ల లెక్కలో ఇలాంటి వాళ్లూ ఉన్నారు, వాళ్లంతా ఇంట్లో హాయిగా చదువుకుంటున్నారనుకోకండి.

నేను మొండికేసి తిరిగొచ్చాను. ఇప్పుడు ఏ హాస్టల్‌లో చేరినా వైఫై కంటే ముందు ఒకటడుగుతా: “మళ్లీ అలాంటిదొస్తే ఉంచుతారా, పొమ్మంటారా?” ఉంచుతాం అని కాగితం మీద రాసిచ్చిన చోటే ఉంటున్నా. అద్దె కొంచెం ఎక్కువే.

మిర్యాలగూడ_మల్లన్న:
అందరికీ థ్యాంక్స్. కిటికీల ముచ్చట మాకు తట్టనే లేదు. రేపు మళ్ల పోతున్నం. కావ్యమ్మ చెప్పిన కాగితం మేము గూడ పెడతమని నా భార్య అంటున్నది. ఆంటీ, ఒక్కటే అడుగుత. ఆయన చెప్పిన లెక్క నిజమా కాదా ఎట్ల పట్టుకోవాలె? రిజిస్టర్ చూపెడుతున్నడు, అండ్ల అన్ని బెడ్లూ నిండే ఉన్నయి.

ఎస్సార్‌నగర్_ఆంటీ:
రిజిస్టర్ ఎవరైనా రాస్తారు బాబూ. 2019వి, పోయిన ఏడాదివి కరెంటు బిల్లులు, నీళ్ల బిల్లులు, ట్యాంకరు రసీదులు అడగండి. గ్యాస్ సిలిండర్లు నెలకెన్ని పడుతున్నాయో ఆయన్ని కాదు, వంటావిడను అడగండి. ఆవిడకు జీతం ఎన్ని నెలలు బాకీ ఉన్నాడో కూడా అక్కడే తెలుస్తుంది. ఫోర్ షేరింగ్ గదులను టూ షేరింగ్ చేసి, మీ ఆవిడతో లెక్క వేయించండి. అలా వేసినా అద్దె, కరెంటు, మెస్సు పోగా చేతికి ఏమైనా మిగిలితే తీసుకోండి. గుడ్‌విల్ మాట ఎత్తితే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయండి.