అమ్మకం ఆగిపోయిన పీఎస్‌పీ గేమ్‌లు ఫోన్‌లో ఆడితే దొంగతనమేనా?

యూఎండీ_మామయ్య, విజయవాడ
అందరికీ నమస్తే. 2008లో చీటీ పాడి ఆ డబ్బుతో పీఎస్‌పీ, అంటే సోనీ వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్, కొన్నాను. ఇన్నేళ్లూ నడిచింది. ఇప్పుడు డిస్క్ పెడితే లోపల గిర్రున తిరుగుతుంది, రెండుసార్లు టక్‌టక్‌మంటుంది, ఆగిపోతుంది. దాని వయసు అది, తప్పు పట్టను. నా దగ్గర ఆరు యూఎండీలు, అంటే పీఎస్‌పీ గేమ్ డిస్కులున్నాయి.

సంగతేంటంటే, ఏడో క్లాసు చదివే మా అక్క కొడుకు ఫోన్‌లో పీపీఎస్‌ఎస్‌పీపీ వేసుకున్నాడు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, పీఎస్‌పీ చేసే పనంతా ఫోన్‌తోనో కంప్యూటర్‌తోనో చేయించే ఎమ్యులేటర్ అది. "మామయ్యా, టెక్కెన్ 6 వేసివ్వవా" అన్నాడు. ఆ డిస్క్ నా దగ్గర లేదు. నెట్‌లో పది నిమిషాల పని. డౌన్‌లోడ్ బటన్ దాకా వెళ్లి ఆగిపోయాను. సోనీ వాళ్లు పీఎస్‌పీ ఆన్‌లైన్ షాపును 2021 జూలైలో మూసేశారు. పాత డిస్క్ ఎవరి దగ్గరైనా కొన్నా ఆ డబ్బు గేమ్ చేసినవాళ్లకు చేరదు. అలాంటప్పుడు తప్పేంటని ఒక మనసు, పిల్లాడికి ఏం నేర్పుతున్నానని ఇంకో మనసు. మీరేమంటారు?

చిన్నీ_గేమర్
వేసిచ్చేయండి అన్నా. ఎవరికీ నష్టం లేదు.

రాత్రిడ్యూటీ
అసలు ఎమ్యులేటర్లే ఇల్లీగల్ కదా? యూజూని మూయించారుగా.

సెక్షన్_52, గుంటూరు
కాదు. ఎమ్యులేటర్ వేరు, గేమ్ ఫైల్ వేరు. ప్లేస్టేషన్ గేమ్‌లను మాక్ కంప్యూటర్లలో ఆడించే సాఫ్ట్‌వేర్ చేసినందుకు కనెక్టిక్స్ అనే కంపెనీ మీద సోనీ కేసు వేసింది. 2000లో అమెరికా అప్పీల్ కోర్టు కనెక్టిక్స్ వైపే తీర్పిచ్చింది. యూజూది నింటెండో కంపెనీ గేమ్ మెషీన్ స్విచ్‌కి ఎమ్యులేటర్. 2024 ఫిబ్రవరిలో నింటెండో కేసు వేస్తే మార్చిలో 24 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అదే జట్టు చేతిలో ఉన్న, నింటెండో పాత మెషీన్ 3డీఎస్ ఎమ్యులేటర్ సిట్రా కూడా దాంతోపాటే ఆగింది. అది రాజీ, తీర్పు కాదు. గొడవంతా స్విచ్ గేమ్‌లకు వేసిన తాళాలు తీసే కీల దగ్గర వచ్చింది. పీపీఎస్‌ఎస్‌పీపీకి సోనీ బయోస్ ఫైల్, అంటే మెషీన్‌ని నడిపే సోనీ సొంత సాఫ్ట్‌వేర్, కూడా అక్కర్లేదు. పీఎస్‌పీ లోపలి సిస్టమ్ చేసే పనులను హెన్రిక్ రిడ్‌గార్డ్, ఆయనతో పనిచేసేవాళ్లు సొంతంగా రాసుకున్నారు. 2012 నుంచి దాని కోడ్ అందరికీ తెరిచే ఉంది. 2024లో ఐఫోన్ యాప్ స్టోర్‌లోకి కూడా వచ్చింది.

మామయ్య గారూ, మీ ఆరు డిస్కుల వరకు దిగులు వద్దు. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఏఏ) చూడండి. సక్రమంగా కాపీ ఉన్నవాళ్లు అది పాడవుతుందని బ్యాకప్ చేసుకోవచ్చు. టెక్కెన్ 6 వేరు. అక్రమ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే సెక్షన్ 63బి కింద కనీసం 7 రోజులు, గరిష్ఠంగా 3 ఏళ్లు జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. లాభం కోసం, వ్యాపారం కోసం కాకపోతే కోర్టు జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదలొచ్చు.

రాత్రిడ్యూటీ
అమెరికా తీర్పు మన దగ్గర చెల్లుతుందా?

సెక్షన్_52, గుంటూరు
చెల్లుతుందని నేననలేదు. మన చట్టంలో 52(1)(ఏబీ) ఉంది, ఒక ప్రోగ్రామ్ ఇంకోదానితో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం రాబట్టుకోవచ్చని. బయోస్ విషయం అక్కడికే వస్తుంది.

మెమరీకార్డ్_మల్లి, ఖమ్మం
సెక్షన్లు పక్కన పెట్టండి. నా సంగతి చెబుతాను. 2015లో ఇంటర్ ఫస్టియర్. మా నలుగురు ఫ్రెండ్స్‌కి కలిపి ఒకటే ఆండ్రాయిడ్ ఫోన్, ఆరు వేలది. బస్టాండ్ వెనక రీచార్జ్ షాపులో వంద రూపాయలిస్తే 8 జీబీ కార్డు నిండా గేమ్‌లు ఎక్కించేవాడు. గాడ్ ఆఫ్ వార్ చైన్స్ ఆఫ్ ఒలింపస్ మేం ఆడింది అలాగే. బొమ్మ ఆగి ఆగి కదిలేది, శబ్దం చిరిగిన స్పీకర్‌లా వచ్చేది. మధ్యలో కొన్ని బొమ్మలు వదిలేసే ఫ్రేమ్ స్కిప్ రెండు పెడితే కాస్త నడిచేది. స్క్రీన్ మీద బటన్లకి ఒక్కడి వేళ్లు సరిపోయేవి కావు. నేను ఎడమ పక్క పట్టుకుని నడిపించేవాణ్ణి, నా ఫ్రెండ్ కుడి పక్క పట్టుకుని కొట్టేవాడు. మెట్ల మీద పక్కపక్కన కూర్చుని, భుజాలు ఆనించుకుని, ఒకే ఫోన్ ఇద్దరం. కరెంటు పోయినా తెలిసేది కాదు.

పీఎస్‌పీ అనేదాన్ని నేను అప్పటికి కళ్లతో చూడలేదు. మా ఊళ్లో డిస్క్ అమ్మే షాపే లేదు. డబ్బున్నా కొనే దారి లేనప్పుడు ఎవరి సొమ్ము దోచాం? ఈ మాట అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి దొంగ అంటారు. అందుకే ముందే చెబుతున్నా, ఆ మాట నేను పడను.

పదబంధం, హైదరాబాద్
ఆ మాట అనేది నేనే. నేను గేమ్‌లు చేసేవాణ్ణి కాబట్టి అంటున్నాను.

2016లో ఉద్యోగం చేస్తూనే ఎనిమిది నెలలు రాత్రుళ్లు కూర్చుని తెలుగు పొడుపుకథల గేమ్ చేశాను. ఒక్కడినే. తెలుగు అక్షరాలు గళ్లలో సరిగ్గా కూర్చోవడానికే రెండు నెలలు పట్టింది. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా విడిపోయేది. ధర 60 రూపాయలు. విడుదలైన మూడో వారంలో నా ఆఫీసు వాట్సాప్ గ్రూపులోనే "ఫ్రీ వెర్షన్" అని ఫైల్ వచ్చింది. పంపినవాడికి ఆ గేమ్ నాదని తెలుసు. వాడి జీతం నాకంటే ఎక్కువ. అందుకని కొనే దారి లేదన్న మాట నా దగ్గర అనకండి. కొనే దారి ఎదురుగా ఉన్నా కొనరు.

మెమరీకార్డ్_మల్లి, ఖమ్మం
మీకు జరిగింది అన్యాయమే. కానీ మీ గేమ్ షాపులో ఉంది. పీఎస్‌పీ గేమ్‌లు షాపులో లేవు. రెండింటికీ పోలిక ఏంటి?

పదబంధం, హైదరాబాద్
అన్నీ లేవా? జీటీఏ లిబర్టీ సిటీ స్టోరీస్ మొదట పీఎస్‌పీ గేమే. 2016లో ఆండ్రాయిడ్‌కి అధికారికంగా వచ్చింది. మీరది ఆడారా? ఆడితే కొన్నారా?

మెమరీకార్డ్_మల్లి, ఖమ్మం
వైస్ సిటీ స్టోరీస్ మాత్రం ఫోన్‌కి రాలేదు. దాని సంగతి చెప్పండి.

పదబంధం, హైదరాబాద్
లిబర్టీ సిటీ అడిగాను. కొన్నారా, లేదా?

డాలస్_నుంచి
మామయ్య గారూ, డిస్కులు కాపీ చేసుకునే పద్ధతి. పీఎస్‌పీలో కస్టమ్ ఫర్మ్‌వేర్, అంటే సోనీది కాకుండా బయటివాళ్లు మార్చిన సిస్టమ్ సాఫ్ట్‌వేర్ వేసి, మెయిన్ మెనూలో సెలెక్ట్ బటన్ నొక్కితే చిన్న మెనూ వస్తుంది. అందులో యూఎస్‌బీ డివైస్‌ని యూఎండీ డిస్క్‌గా మార్చి కంప్యూటర్‌కి కలిపితే డిస్క్ మొత్తం ఒక ఐఎస్ఓ ఫైల్‌గా కనిపిస్తుంది. కాపీ, పేస్ట్, అంతే. మీ డ్రైవ్ చదవట్లేదు కాబట్టి వేరే పీఎస్‌పీ అడిగి తెచ్చుకోండి.

రాత్రిడ్యూటీ
కస్టమ్ ఫర్మ్‌వేర్ ఇల్లీగల్ కదా?

సెక్షన్_52, గుంటూరు
తాళం తీయడం గురించి 2012లో సెక్షన్ 65ఏ వచ్చింది. హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో తీస్తేనే నేరం అని దాంట్లో ఉంది. ఉద్దేశం అన్న మాట మీద దృష్టి పెట్టండి. సొంత డిస్కుకు బ్యాకప్ చేసుకోవడంలో ఆ ఉద్దేశం లేదన్నది నా వాదన. ఇంతకీ బయోస్ అడిగినవాళ్లకు ఇంకో మాట, డీఎస్ ఎమ్యులేటర్ల విషయంలో...

మెమరీకార్డ్_మల్లి, ఖమ్మం
బయోస్ ఎవరూ అడగలేదు సార్.

పదబంధం గారూ, లేదు, కొనలేదు. అప్పుడు నా దగ్గర బ్యాంకు కార్డు లేదు, ఆన్‌లైన్‌లో కట్టే దారీ లేదు. ఇప్పుడు ఉద్యోగం ఉంది, కార్డుంది, అయినా కొనలేదు. ఎందుకంటే ఆ గేమ్ నాకు 2015లోనే అయిపోయింది. పదేళ్ల తర్వాత బాకీ కట్టమంటారా? మీకు ఒక్క లిబర్టీ సిటీయే కనిపిస్తోంది. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అని ఉంది. 2010కి ముందు అక్కడ విడుదలైన గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవని 2023లో లెక్కకట్టింది. ఆ 87 శాతం ఎక్కడున్నాయి? మాలాంటి వాళ్ల మెమరీ కార్డుల్లో ఉన్నాయి. కంపెనీలు పారేసినవాటిని దాచిపెట్టింది మేం.

పదబంధం, హైదరాబాద్
దాచిపెట్టారా? ఇప్పుడు ఆడేవాళ్లలో ఎంతమంది పీపీఎస్‌ఎస్‌పీపీ గోల్డ్ కొన్నారో చేతులెత్తండి. ఉచిత వెర్షన్‌కీ దానికీ ఆటలో తేడా లేదు. చేసినవాళ్లకు డబ్బు చేరడానికే పెట్టారు. మీకు సరదా ఇచ్చినవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వరు, పైగా చరిత్రను కాపాడుతున్నాం అంటారు.

చిన్నీ_గేమర్
నేను కొన్నా.

మెమరీకార్డ్_మల్లి, ఖమ్మం
ఇందాకటి నుంచీ రూపాయి, రూపాయి. నలుగురు పేద పిల్లలు మెట్ల మీద కూర్చుని ఆడుకుంటే జపాన్ కంపెనీ ఏం నష్టపోయిందో చెప్పరు. మీ కోపం మీ ఆఫీసువాడి మీద. అది తెచ్చి మా మీద దింపుతున్నారు. ఎవరూ కొనని గేమ్ చేసి, కొననివాళ్లందరినీ దొంగలనడం పద్ధతి కాదు.

పదబంధం, హైదరాబాద్
ఎవరూ కొనని గేమ్ అన్నారు. సరే. ఇంకేం రాయను.

మోడరేటర్
మల్లి గారూ, ఆఖరి వాక్యం వ్యక్తిగతం. మళ్లీ అలా రాస్తే చర్చ మూసేస్తాం.

యూఎండీ_మామయ్య, విజయవాడ
నా ప్రశ్న వల్ల ఇంత దూరం వచ్చింది, బాధగా ఉంది. పదబంధం గారూ, మీ గేమ్ ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? మా మేనల్లుడికి పొడుపుకథలంటే ఇష్టం. నేను కొంటాను.

పదబంధం, హైదరాబాద్
దొరకదండీ. 2019లో నేనే తీసేశాను.

డబ్బు కోసం కాదు. అందులో పొడుపుకథలన్నీ మా నాన్నగారివి. తెలుగు పండిట్‌గా రిటైరయ్యారు. నోట్‌బుక్‌లో రాసిచ్చేవారు, నేను ఎక్కించేవాణ్ణి. క్రాక్ చేసినవాళ్లు ఒక్కో పొడుపుకథ మధ్యలో బెట్టింగ్ ప్రకటన పెట్టారు. ఒక రోజు పక్కింటి అబ్బాయి "తాతయ్యా, ఇది మీదేగా" అని ఫోన్ తెచ్చి చూపించాడు. నాన్నగారు రాసిన పొడుపుకథ విప్పగానే జవాబు బదులు పేకముక్కలు వచ్చాయి. ఆయన ఏమీ అనలేదు. ఫోన్ వెనక్కిచ్చేసి లోపలికి వెళ్లారు. ఆ వారమే తీసేశాను. అయినా ఆ ఫైల్ ఇంకా తిరుగుతూనే ఉంది. నేను వద్దనుకున్నది ప్రపంచంలో ఉండకూడదు అనే హక్కు నాకు లేదా? అమ్మకం ఆగింది కాబట్టి అందరిదీ అని మీరన్న ప్రతిసారీ నాకు ఆ ఫోనే కనిపిస్తుంది.

చిన్నీ_గేమర్
సారీ అన్నా. తెలియదు.

మెమరీకార్డ్_మల్లి, ఖమ్మం
ముందు క్షమించండి. ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నా. నేను మీది డబ్బు గొడవ అనుకున్నాను.

ఆ ప్రకటనలు పెట్టినవాళ్లను సమర్థించను. కానీ మీరడిగిన హక్కు దగ్గర నాకు అడ్డం పడుతోంది. మీ దగ్గర 60 రూపాయలిచ్చి కొన్నవాళ్లు కొందరైనా ఉంటారు కదా. వాళ్ల ఫోన్‌లో ఉన్నది కూడా పోవాలంటారా? పుస్తకం అచ్చువేసినాయన మనసు మారితే ఇంకో ముద్రణ ఆపుకోవచ్చు. ఇల్లిల్లూ తిరిగి వేసినవి వెనక్కి అడగలేడు. నాకు ఆ గాడ్ ఆఫ్ వార్ అంటే గేమ్ మాత్రమే కాదు. కుడి పక్క కొట్టినవాడు ఇప్పుడు కువైట్‌లో ఉన్నాడు, నాలుగేళ్లయింది చూసి. చేసినవాళ్లు వద్దనుకున్నారు, మూసేశారు అంటే అది కూడా నా దగ్గర నుంచి తీసుకుపోతున్నట్టు ఉంటుంది.

పదబంధం, హైదరాబాద్
కొన్నవాళ్ల దగ్గర ఉండనివ్వండి. వాళ్లది వాళ్లదే, నేను అడగను. కొననివాళ్ల దగ్గర ఉండటానికి మీ జ్ఞాపకం కారణం అవుతుందా? మీ జ్ఞాపకం నిజం, నేను కాదనను. దాన్ని పెట్టుకోవడానికి నా వస్తువు కావాలంటున్నారు.

సెక్షన్_52, గుంటూరు
చట్టం కూడా ఇదే గీత గీసింది. కొన్నవాడి బ్యాకప్‌కి దారి ఇచ్చింది, కొననివాడికి ఇవ్వలేదు.

మెమరీకార్డ్_మల్లి, ఖమ్మం
ఆ గీతకి అవతల పుట్టినవాళ్లం మేం. అక్కడే మనకి కుదరట్లేదు.

యూఎండీ_మామయ్య, విజయవాడ
తెనాలిలో ఉన్న స్నేహితుడి పీఎస్‌పీ తెచ్చాను. ఆరింటిలో నాలుగు డిస్కులు కాపీ అయ్యాయి. ఒకటి గీతలు పడి సగంలో ఆగుతోంది, ఇంకోటి రేపు చూడాలి. నాలుగూ పిల్లాడి ఫోన్‌లో వేశాను. రిజల్యూషన్ నాలుగు రెట్లు చేస్తే, మేం చిన్న తెరమీద మసకగా చూసినవి ఇప్పుడు గడ్డిపరకతో సహా కనిపిస్తున్నాయి. టెక్కెన్ 6 డిస్క్ ఎవరి దగ్గరైనా అమ్మకానికి ఉంటే చెప్పండి. దొరికేదాకా డౌన్‌లోడ్ చేయను. ఎందుకు ఆగావని వాడు అడిగాడు. ఈ చర్చ చదివి వినిపించాను.

మెమరీకార్డ్_మల్లి, ఖమ్మం
మామయ్య గారూ, డిస్క్ కోసం ఇక్కడ కూడా అడిగి చూస్తాను. పదబంధం గారూ, నా కార్డులో ఉన్నవి నేను తుడిపేయను, అబద్ధం చెప్పను. మీ గేమ్ పేరు మాత్రం ఇక్కడ రాయకండి. నేను వెతకను. ఎవరైనా పంపినా తెరవను.

పదబంధం, హైదరాబాద్
పేరు రాయను. ఆ మాటన్నందుకు థాంక్స్ మల్లి గారూ. నాన్నగారికి చెబుతాను. మిగతాదంతా నేను ఒప్పుకోను.